అడుగంటిన ఇనుము

తెలంగాణమునకు వాయవ్యపు కొసను, మంజీరానదికి పడమటి వైపున, మహారాష్ట్ర కర్ణాటక సరిహద్దులు రెండును చేరువగా నుండు నల్లరేగడి సీమలో జుక్కల్ అను మండలకేంద్రము కలదు. పరిపాలనకు ఇది కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజనులోనిది. మాటకు తెలుగు, మరాఠీ, కన్నడము మూడును ఇచట చెల్లును. పంటకు ప్రత్తి, సోయా, కంది, జొన్న ప్రధానములు. కౌలాసు కోటను చూడవచ్చిన యాత్రికుడు దారికి ఇరుప్రక్కల పొలములను పరికించినచో, వంగి కలుపు తీయుచును ప్రత్తి ఏరుచును కనబడువారిలో అత్యధికులు స్త్రీలేయని గ్రహింపగలడు. వారిలో నొకతె పనినడుమ గట్టుమీద కూలబడి ఆయాసపడుచుండగా ప్రక్కచాలునందలి స్త్రీ కారణమడిగెనేని, వచ్చు ప్రత్యుత్తరము తరచుగా ఇట్లుండును: “ఏం గాలేదక్కా, జర నెత్తురు తక్కువున్నదన్నరు.” ఏమియు కాలేదని ముందు చెప్పి, అయినదానిని పిమ్మట చెప్పుట మన స్త్రీలకు చిరకాలాభ్యాసము. ఆ వాక్యపు రెండవ సగములో నున్న శాస్త్రమును కొంత విపులముగా పరిశీలించినచో, మొదటి సగము ఎంతటి అసత్యమో పాఠకులకే తెలియగలదు.

రక్తమునకు ఎఱుపు నిచ్చునది హీమోగ్లోబిన్ అను మాంసకృత్తు. దాని ఒక్కొక్క అణువునందును నాలుగేసి ఇనుప పరమాణువులు కలవు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని, కండలకును మెదడునకును గుండెకును చేర్చి విడిచిపెట్టుట వాని సాయముననే జరుగును. శరీరమందలి ఇనుము మొత్తము పురుషునియందు నాలుగు గ్రాములకు లోపు, స్త్రీయందు రెండున్నర గ్రాముల ప్రాంతము. అందు మూడింట రెండు వంతులు రక్తములోనే యున్నది. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించి నశింపగా, అందలి ఇనుమును శరీరము వ్యర్థము కానీయక క్రొత్త కణమునకు వినియోగించును. ఈ పొదుపు ఎంత గట్టిదనగా, చర్మము, ప్రేవులు మొదలగువానినుండి రాలిపోవు కణములతో పాటు పురుషుడు దినమునకు కోల్పోవు ఇనుము ఒక్క మిల్లీగ్రాము మాత్రమే.

స్త్రీ విషయమున ప్రకృతి ఈ పొదుపును పాటింపలేదు. ఋతుకాలమున సామాన్యముగా 30 నుండి 40 మిల్లీలీటర్ల రక్తము పోవును. మిల్లీలీటరునకు అర మిల్లీగ్రాము చొప్పున నెలకు 15 నుండి 20 మిల్లీగ్రాముల ఇనుము దానివెంట పోవును. 80 మిల్లీలీటర్లకు మించి పోవువారు తక్కువ కారు. ఐనను అది వ్యాధిలక్షణమని తెలియక, తల్లికిని అట్లే అయ్యెడిది కావున తనకును అట్లే కావలెనని వారు భావింతురు. గర్భము ధరించినప్పుడు శిశువునకును మావికిని పోవునది, తల్లి రక్తరాశి పెరుగుటకు కావలసినది, దినదిన వ్యయము, అన్నియు కలిపి సుమారు 1000 మిల్లీగ్రాములు. ఒక కాన్పునకును మరియొక కాన్పునకును ఎడము తక్కువైనచో ఈ వేయి మిల్లీగ్రాములు తిరిగి కూడుటకు వ్యవధియే యుండదు.

ఈ కారణముననే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణములలో వయోజన పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము, స్త్రీకి 29 మిల్లీగ్రాములు అని విధింపబడినది. మన ధాన్యాహారములోని ఇనుమునుండి దేహము గ్రహించునది నూటికి ఎనిమిది వంతుల ప్రాంతమే యగుటచే సంఖ్యలు ఇంత పెద్దవైనవి. ఇచ్చట ఒక వైపరీత్యమును గమనింపవలెను. పురుషునికంటె తక్కువ అన్నము తిను స్త్రీకి, పురుషునికంటె ఒకటిన్నర రెట్లు ఇనుము కావలెను. అనగా ఆమె తిను ప్రతి ముద్దయు అతని ముద్దకంటె సారవంతమై యుండవలెను. మన ఇండ్లలో జరుగునది దీనికి సరిగా విరుద్ధము. మగవారును పిల్లలును తినిలేచిన పిమ్మట, పప్పు గిన్నెలో పలుచని తేట మాత్రము మిగిలియుండగా, కూరలో ముక్కలు కాక పులుసు మాత్రము మిగిలియుండగా, ఆమె కూర్చుండును. ఈ వరుసకు మర్యాద యని పేరు. శరీరశాస్త్రము దృష్టిలో ఇది అత్యధికముగా కావలసినవారికి అత్యల్పముగా వడ్డించు విధానము.

మంజీరపై 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరము ఈ సీమవారికి సుపరిచితము. ఆ జలాశయమున నీటిమట్టము నెలల తరబడి తగ్గుచున్నను, తూములకు నీరందుచున్నంత కాలము కాలువ యథాప్రకారముగా పారుచునే యుండును. కాలువగట్టున నిలిచి చూచు రైతునకు జలాశయము అడుగంటుచున్న సంగతి తెలియదు. స్త్రీదేహమున ఇనుము క్షీణించు క్రమము ఇట్టిదే. మొదట కాలేయమందును ఎముకల మజ్జయందును ఉన్న నిల్వ తరుగును. ఆ దశలో రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ సక్రమముగనే కనబడును, కాని ఆమెకు కారణము తెలియని అలసట, తల వెండ్రుకలు రాలుట, పనియందు మనస్సు నిలువకుండుట ప్రారంభమగును. నిల్వ పూర్తిగా అడుగంటిన తరువాతగాని హీమోగ్లోబిన్ తగ్గదు. గర్భవతి కాని స్త్రీకి డెసిలీటరునకు 12 గ్రాములు, గర్భవతికి 11, పురుషునకు 13; అంతకంటె తక్కువైనచో రక్తహీనత యని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. కావున పరీక్షలో సంఖ్య తగ్గినదని తెలిసిన నాటికి వ్యాధి క్రొత్తది కాదు, చాలకాలపు పాతది.

అంతటితో నాగదు. రక్తములో ప్రాణవాయువును మోయు శక్తి తగ్గిన కొలది గుండె వేగముగా కొట్టుకొని ఆ లోటును పూడ్చుకొనును. ఈ సర్దుబాటు నెలలమీద, ఏండ్లమీద జరుగుటచే, ఎనిమిది గ్రాముల హీమోగ్లోబిన్‌తో నీళ్ళు మోయుచు, వంటచేయుచు, కూలికి పోవుచు నున్న స్త్రీలు పల్లెపల్లెను కలరు. వారికి తాము రోగులమని తోచదు. తమ ఒంటి తత్త్వమే అంతయని అనుకొందురు. మెట్లెక్కునప్పటి ఆయాసము, కళ్ళు తిరుగుట, గుండెదడ, పాలిపోయిన కనురెప్పల లోపలి భాగము, పచ్చిబియ్యమో మట్టియో సుద్దయో తినవలెనను విపరీతమైన కోరిక, ఇవి యన్నియు ఆ దేహము చేయు ఫిర్యాదులే. మట్టి తిను కోడలిని నవ్వులాటకు గురిచేయుదురు గాని, ఆమెను రక్తపరీక్షకు తీసికొనిపోవుట అరుదు.

2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. అందు 15 మొదలు 19 ఏండ్ల వారిలో నూటికి సుమారు 65 మంది. వ్రేలికొననుండి తీసిన చుక్కరక్తముతో చేసిన ఈ పరీక్ష లోపమును ఎక్కువచేసి చూపుచున్నదని, సిరనుండి తీసిన రక్తముతో చేసినచో సంఖ్య తగ్గునని కొందరు శాస్త్రజ్ఞులు వాదించిరి. ఆ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. కాని అదే సర్వేలో, అదే పరికరముతో, అదే విధముగా పురుషుల వ్రేళ్ళను కూడ గ్రుచ్చి చూచిరి. వారిలో రక్తహీనులు నూటికి 15 మంది మాత్రమే. ఒకే ఇంట ఒకే పొయ్యిమీద ఉడికిన అన్నము తిని, ఒకే పొలమున పనిచేయు ఇరువురి నడుమ ఇంతటి అంతరము సూదిదోషమువలన రాదు. అందు కొంత ప్రకృతి విధించినది. తక్కినది మనము వడ్డించినది.

ఆహారము మారిన తీరు కూడ ఇందులో పాలుపంచుకొన్నది. ఒకప్పుడు ఈ రేగడిసీమకు జొన్నరొట్టె, జొన్నగట్క నిత్యాహారములు. వంద గ్రాముల జొన్నలలో నాలుగు మిల్లీగ్రాముల ప్రాంతము ఇనుముండగా, మరపట్టి తెల్లజేసిన బియ్యములో ఒక్క మిల్లీగ్రాము కూడ నుండదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదవాని ఆకలిని చాలవరకు తీర్చినది; ఆ మేలును కాదనుట కృతఘ్నత యగును. కాని కడుపు నిండుటయు రక్తము నిండుటయు వేరువేరు. జొన్నను మాత్రము అమృతమని కొనియాడుటకు నేను సిద్ధముగా లేను: జొన్నయే సర్వమైన దక్కను పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి ప్రబలుటను గమనించి, అందుకు ఆ ధాన్యములోని లూసిన్ కారణమై యుండునని గోపాలన్, శ్రీకాంతియా అను శాస్త్రజ్ఞులు 1960లో ప్రతిపాదించిరి. ఏ ధాన్యమైనను ఒంటరిగా చాలదు. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, మాంసము, నిమ్మపండు దానికి తోడు కావలెను. నిమ్మ, ఉసిరికలలోని సి విటమిను ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. అన్నము తిన్నవెంటనే త్రాగు చాయ్ అందులోని కషాయగుణముచే దానికి అడ్డుపడును. గంట సేపు ఆగి త్రాగినచో ఎవరి సొమ్మును పోదు.

ఇంక రక్తహీనతకు ఇచ్చు మాత్ర కథ. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గుడ్డలమిల్లు కార్మిక కుటుంబములకు చెందిన గర్భవతులను పీడించుచున్న ఒక తీవ్రరక్తహీనతపై పరిశోధన సాగించెను. ఆ స్త్రీల రక్తకణములు పెద్దవై, పక్వము కాక, సంఖ్యలో తగ్గియుండెను. ఇనుము నిచ్చినను వారు కోలుకొనలేదు. సూక్ష్మజీవి ఏదియో కారణమని ఆనాడు పలువురు వెదకుచుండగా, విల్స్ ఆ స్త్రీలు ఏమి తినుచున్నారో విచారించెను. పేదరికము పెరిగిన కొలది ఆహారము సన్నగిల్లుటయు, ఆహారము సన్నగిల్లిన కొలది వ్యాధి ముదురుటయు ఆమె చూచినది. కూనూరులో రాబర్ట్ మెకారిసన్ పోషకాహార పరిశోధనాలయము నడుపుచున్న చోట కూడ ఆమె కొంతకాలము పనిచేసెను. ఆ పరిశోధనాలయమే తరువాత హైదరాబాదునకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది. కోతులపై పరీక్షించిన పిమ్మట, చవుకగా లభించు ఈస్టు సారమును ఆ గర్భవతులకు తినిపింపగా వారు ఆశ్చర్యకరముగా స్వస్థులైరి. 1931లో, నిజాంసాగరము పూర్తియైన యేడే, ఆమె ఈ విషయమును ప్రకటించెను.

ఆ సారములోని అజ్ఞాత పదార్థమును 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరనుండి వేరుచేసిరి. దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేయుట 1945 ప్రాంతమున లెడర్లీ సంస్థలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున సిద్ధించెను. యౌవనమున ఆయన సోదరులిరువురు స్ప్రూ అను వ్యాధికి బలియైరి. తుదకు ఆ వ్యాధికిని ఈ ఫోలిక్ ఆమ్లమే ఔషధమని తేలుట విజ్ఞానచరిత్రలోని కరుణరసఘట్టములలో నొకటి. బొంబాయి మిల్లు స్త్రీల రక్తమునుండియు, ఒక తెలుగుబిడ్డ దుఃఖమునుండియు పుట్టిన ఈ పదార్థము ఇనుముతో కలిసి ఎఱ్ఱని గోలీగా నేడు ఆశా కార్యకర్త చేతిలో గడపకు వచ్చుచుండగా, గోలీలు మింగినచో బిడ్డ నల్లగా పుట్టునని, పెద్దదై కాన్పు కష్టమగునని భయపడి చూరులో దాచిపెట్టువారు ఇప్పటికిని కలరు. గోలీవలన మలము నల్లనగును. అది శరీరము గ్రహింపని ఇనుము. బిడ్డ రంగునకును దానికిని సంబంధము లేదు. కడుపులో వికారము, మలబద్ధము కొందరికి కలుగును. వారు మానివేయక, రాత్రి కొంచెము తిన్న పిమ్మట వేసికొనిన చాలవరకు శమించును. పాలతో మాత్రము మింగరాదు.

2022 డిసెంబరు 21న గర్భవతుల రక్తహీనతను తగ్గించుటకై రాష్ట్రప్రభుత్వము పోషకాహార కిట్లను తొమ్మిది జిల్లాలలో ఆరంభించెను. ఆరంభోత్సవము కామారెడ్డిలో జరిగినది. పోషకపు పొడి, ఖర్జూరము, నెయ్యి, ఇనుము సిరప్, నులిపురుగుల మాత్ర అందులో నుండెను. జిల్లాల యెన్నికకు రక్తహీనతయొక్క ఆధిక్యమే కొలబద్ద. ఆ యేడే బాన్సువాడలోని మాతాశిశు ఆసుపత్రికి, తల్లిపాలను ప్రోత్సహించు ఆసుపత్రిగా జాతీయస్థాయి గుర్తింపు లభించినది. ఇవి శ్లాఘనీయములు. ఐనను ఒక మాట చెప్పక తప్పదు. గర్భము ధరించినప్పుడు స్త్రీని వెదకికొనివచ్చు ఈ ఆదరము, గర్భమునకు పూర్వము కన్యగా నున్నప్పుడును, కాన్పులన్నియు తీరి నలువది దాటినప్పుడును ఎచ్చటికి పోవును? “తల్లి బాగున్న ఇల్లు బాగుండును” అను ప్రచారపటములు నాకు అంతగా నచ్చవు. ఇల్లు బాగుండుటకై తల్లి బాగుండవలెననుట, ఎద్దు బాగున్న సేద్యము బాగుండుననుటకు మిక్కిలి దూరము కాదు. ఆయాసము ఆమెది, ఆ దేహము ఆమెది, అది తగ్గవలెననుటకు ఆ కారణమొక్కటే చాలును. 2023 మార్చి 8న ఆరంభమైన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమము గర్భముతో నిమిత్తము లేక, మొదట నూరు కేంద్రములలో, ప్రతి మంగళవారము అన్ని వయస్సుల స్త్రీలను పరీక్షింప సంకల్పించుట ఈ దృష్టితో చూచిన సరియైన అడుగు.

నిర్లక్ష్యమునకు రెండవ ముఖము అతిచికిత్స. ఋతురక్తము అధికముగా పోవుచున్నను, తెల్లబట్ట యగుచున్నను, నడుము నొచ్చుచున్నను స్త్రీ యేండ్ల తరబడి ఓర్చుకొనును; ఇంక ఓర్వలేననుకొన్ననాడు పట్టణమునకు పోవును. వైద్యుడు మూడుమార్లు నాలుగుమార్లు రమ్మనును. కూలిదినములు పోవును, ఇంట వంట నిలిచిపోవును. ఒక్కమారుతో తీరు ఉపాయమేదియని ఆమెయే అడుగును. గర్భసంచి తీసివేయుటయే ఆ ఉపాయము. 2015–16 సర్వేలో ఏబది యేండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి ముగ్గురు. తెలంగాణలో ఎనమండుగురికి దగ్గర, ఆంధ్రప్రదేశములో సుమారు తొమ్మండుగురు. అండాశయములను కూడ తీసివేసినచో ఎముకలు అకాలముగా క్షీణించును. కొందరికి ఈ శస్త్రచికిత్స నిజముగా అవసరము. కాని మందుతో తగ్గు రక్తస్రావమునకు, పరీక్షతో తీరు క్యాన్సరు భయమునకు గర్భసంచిని అర్పించుట, బాధ మొదలైన తొలిమాసములలో ఒక దినము తన కొఱకు కేటాయించుకొనని స్త్రీ తుదకు చెల్లించు మూల్యము.

ఆ భయమును తీర్చు పరీక్ష ఎంత స్వల్పమైనదో తెలుపుటకు ఒక మహత్తర నిదర్శనము మన పొరుగుననే యున్నది. ఒకప్పుడు జుక్కల్‌తో పాటు నిజాము రాజ్యములోనే యుండి నేడు మహారాష్ట్రలో నున్న, ఆనాడు ఉస్మానాబాదు అనబడిన జిల్లాలో, 1999 మొదలుకొని, 30 నుండి 59 ఏండ్ల వయస్సు గల లక్షా ముప్పదివేల మందికి పైగా గ్రామీణ స్త్రీలపై గర్భాశయముఖ క్యాన్సరు పరిశోధన జరిగెను. గ్రామములను నాలుగు వర్గములుగా విభజించి, మూడింట ఒక్కొక్క విధమైన పరీక్షను చేసిరి. ఎనిమిదేండ్ల అనంతరము ఫలితములు 2009లో ప్రకటింపబడెను. ఈ వ్యాధికి కారణమగు వైరసును గుర్తించు హెచ్.పి.వి. పరీక్షను జీవితములో ఒక్కమారు చేసిన వర్గమున ఈ క్యాన్సరుచే మరణించినవారు 34 మంది. ఏ పరీక్షయు చేయని వర్గమున 64 మంది. ఆ నాలుగవ వర్గపు స్త్రీలను పరీక్షింపక విడిచిపెట్టుట న్యాయమాయని ప్రశ్నించినవారు కలరు; ఆ ప్రశ్న నాకును సమంజసముగనే తోచుచున్నది. కాని పరీక్షకు వచ్చిన ఆ రేగడిసీమ స్త్రీలు, చదువురాని వ్యవసాయకూలీలు పెక్కురు, పల్లెస్త్రీలు సిగ్గుచే ఇట్టి పరీక్షలకు రారను వాదమును పటాపంచలు చేసిరి. ఈ క్యాన్సరు పుట్టి పెరుగుటకు పదియేండ్లు, అంతకు మించియు పట్టును. పదియేండ్లలో ఒక పూట దానికొఱకు వెచ్చించుట అసాధ్యమని చెప్పజాలము.

రక్తపుపోటు, మధుమేహము, రొమ్ములో గడ్డలు, పాత నిజామాబాదు జిల్లాలో వేలాది స్త్రీలు బీడీలు చుట్టుచు పీల్చు పొగాకుదుమ్ము, వీనిని గూర్చి విస్తరించుటకు ఇచ్చట తావు లేదు. ముప్పది దాటిన ప్రతి స్త్రీయు రక్తపుపోటును, చక్కెరను ఏటేట చూపించుకొనవలెనని మాత్రము చెప్పుదును. చెప్పులు లేక చేలలో తిరుగువారి పాదములగుండా కొంకిపురుగు లోనికి చొచ్చి ప్రేవులలో రక్తము పీల్చునన్నదియు మరువరాదు.

ఈ పుటలను చదువగలిగిన సోదరీ, నీ హీమోగ్లోబిన్ ఎంతయో నీకు తెలియునా? తెలియనిచో ఈ వారమే సమీపమునందలి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పొమ్ము. అచట ఆ పరీక్షకు రుసుము లేదు. సంఖ్య 12కు తక్కువైనచో ఆకుకూరలతోనే సరిపెట్టుకొనక వైద్యుడిచ్చిన గోలీలు వేసికొని, సంఖ్య సరియైన పిదప కూడ నిల్వ నిండుటకై మూడు మాసములు కొనసాగింపుము. గోలీలతో పెరుగనిచో కారణము వేరేమియో వెదకుమని వైద్యుని నిలదీసి యడుగుము. నేటి రాత్రి అందరితో పాటు కూర్చుండి, పప్పు చిక్కగా నున్నప్పుడే వడ్డించుకొనుము. ఆరోగ్యకేంద్రమునకు పోవునప్పుడు చదువురాని అత్తను, బడి మానిన ఆడుబిడ్డను కూడ వెంటబెట్టుకొని పొమ్ము.